గుంటూరా, విజయవాడా, మంగళగిరా: సర్జరీ పీజీ సీటు ఎంచుకునే ముందు

సర్జరీ పీజీలో తేలికైన సీటు అంటూ ఎక్కడా లేదు. ఈ మాట మొదటే ఒప్పుకుంటే మిగతాది సూటిగా మాట్లాడుకోవచ్చు. వైద్య పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీలో ర్యాంకు రాగానే పిల్లలూ, వాళ్ల కంటే ఎక్కువగా తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో చేరితే పిల్లాడు తట్టుకోగలడా? విజయవాడ నయమా? ప్రైవేటు కాలేజీ అయితే రాత్రి నిద్ర దొరుకుతుందా? కార్పొరేట్ ఆసుపత్రిలో డీఎన్‌బీ (కాలేజీలో కాకుండా ఆసుపత్రిలో చేసే పీజీ) అయితే ఆదివారం ఇంటికి రానిస్తారా?

అడగడంలో తప్పు లేదు. కాకపోతే గంటలు మాత్రమే లెక్కపెట్టి పోల్చితే అన్నిచోట్లా పెద్ద అంకెలే కనిపిస్తాయి, ఎటూ తేలదు. అసలు తేడా రెండు విషయాల్లో ఉంటుంది. ఆ గంటల్లో మీ చేత ఏ పని చేయిస్తారన్నది మొదటిది. రాత్రంతా డ్యూటీ చేసిన మర్నాడు మిమ్మల్ని గదికి పంపిస్తారా లేదా అన్నది రెండోది. ఈ రెండూ కాలేజీ పేరు కంటే మీరు పడబోయే యూనిట్‌ను, అంటే ఒక చీఫ్ కింద పనిచేసే డాక్టర్ల బృందాన్ని బట్టే ఉంటాయి.

కాగితం మీద గంటలు

నిబంధనలు లేక కాదు. రెసిడెంట్ డాక్టర్లు (ఆసుపత్రిలో పనిచేస్తూ శిక్షణ పొందే పీజీల్లాంటివాళ్లు) మామూలుగా వారానికి 48 గంటలు, ఒక విడతలో 12 గంటలకు మించకుండా పనిచేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే ఆదేశించింది. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన పీజీ నిబంధనల్లో అంకె మాయమై, ‘సముచితమైన పని గంటలు’, ‘సముచితమైన విశ్రాంతి’ అన్న మాటలు వచ్చాయి. పని ఒత్తిడిని బట్టి వారానికో సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు ఇమ్మని అందులో ఉంది. ‘సముచితం’ అంటే ఎంతో యూనిట్ చీఫ్ నిర్ణయిస్తారు. అదే కమిషన్ నియమించిన మానసిక ఆరోగ్య కార్యదళం 2024లో ఇచ్చిన నివేదికలో వారానికి 74 గంటలు మించకూడదని సిఫారసు చేసింది. అది సిఫారసే, ఇంకా ఏ వార్డు గోడ మీదికీ ఎక్కలేదు.

అమెరికాలో వారానికి 80 గంటల పరిమితి 2003 నుంచి అమల్లో ఉంది. దాని వెనక 1984లో న్యూయార్క్ ఆసుపత్రిలో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి మరణం, రెసిడెంట్ల అలసటే దానికి కారణమంటూ ఏళ్ల తరబడి నడిచిన వివాదం ఉన్నాయి. అక్కడ కూడా సర్జన్లు గంటల పరిమితిని మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. చేతిలో కేసు ఉండగా గడియారం చూసి వెళ్లిపోవడం నేర్పితే సర్జన్ ఎలా తయారవుతాడని వాళ్ల వాదన. 2016లో వచ్చిన ‘ఫస్ట్’ (FIRST) అనే అమెరికా అధ్యయనంలో సర్జరీ రెసిడెంట్ల డ్యూటీ విడతలను సడలించిన ఆసుపత్రుల్లో, సడలించని ఆసుపత్రుల్లో రోగుల మరణాలు, తీవ్రమైన ఇబ్బందులు దాదాపు సమానంగానే తేలాయి. అయితే సడలించిన చోట సొంత జీవితం దెబ్బతింటోందని చెప్పిన రెసిడెంట్లు ఎక్కువ. రోగికి నష్టం లేకపోవచ్చు, లోటంతా డాక్టరు ఇంట్లో పడుతుందన్నమాట. గంటలు తగ్గితే చాలు అన్నీ సర్దుకుంటాయని నేను అనుకోను. అలాగని 36 గంటలు నిలబడడమే శిక్షణ అనే పెద్దల మాటా నేను నమ్మను.

పెద్దాసుపత్రి యూనిట్‌లో ఒక వారం

గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నాటిది. దాని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి (జీజీహెచ్‌కు) గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల నుంచే కాక ప్రకాశం వైపు నుంచి కూడా రోగులు వస్తారు. విజయవాడ జీజీహెచ్‌కు కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు జిల్లాలు. రెండు చోట్లా పని యూనిట్ల లెక్కన నడుస్తుంది. యూనిట్‌కు ఓపీ రోజు వస్తే ఆ ఉదయం ఓపీ చూసినవాళ్లే మర్నాడు ఉదయం దాకా క్యాజువాలిటీకి వచ్చే సర్జరీ కేసులన్నీ చూసుకోవాలి. మర్నాడు రౌండ్స్. ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్ (ఓటీ) రోజు. ఓపీ రోజున చేరిన వాళ్లందరి డ్రెస్సింగులు, స్కాన్లు, ఆపరేషన్లు వారమంతా పాకుతూనే ఉంటాయి. మళ్లీ ఓపీ రోజు వచ్చేసరికి పాత మంచాలు ఇంకా ఖాళీ కావు.

మొదటి సంవత్సరం పీజీ దినచర్య తెల్లవారకముందే మొదలవుతుంది. సీనియర్ రౌండ్స్‌కు వచ్చేలోగా రక్త పరీక్షల రిపోర్టులు, డ్రెయిన్ల లెక్క, రాత్రి జ్వరాలు, మూత్రం కొలతలు అన్నీ నాలుక చివర ఉండాలి. ఆ తర్వాత డ్రెస్సింగులు. మన ప్రాంతంలో ఇది చిన్న మాట కాదు. షుగరు ముదిరి కుళ్లిన పాదాలు, పొలంలో ముల్లు గుచ్చుకుని చెడిన కాళ్లు, పాము కాటు తర్వాత చర్మం ఊడిపోయిన పిక్కలు ఒక్కో మగ సర్జరీ వార్డులో వరుసగా కనిపిస్తాయి. ఒక్కో పాదం శుభ్రం చేయడానికి అరగంట పట్టొచ్చు. రాత్రయితే అపెండిక్స్, పేగుకు చిల్లు పడి కడుపు రాయిలా బిగిసిన కేసులు, ఇరుక్కుపోయిన హెర్నియాలు వస్తాయి. పదహారో నంబరు జాతీయ రహదారి నుంచి 108లో వచ్చే ప్రమాద బాధితులు సరేసరి. విజయవాడకు హైదరాబాద్ నుంచి వచ్చే అరవై ఐదో నంబరు రహదారి కూడా కలుస్తుంది.

ఇంతవరకూ చెప్పింది సర్జన్ పని. కష్టమైనా దాన్ని తప్పుపట్టలేం. పీజీని నిజంగా నలగగొట్టేది దీని మధ్యలో దూరే ఇతర పని. శాంపిళ్లు ల్యాబ్‌కు మోసుకెళ్లడం, సీటీ స్కాన్ గది ముందు వరుసలో నిలబడడం, బ్లడ్ బ్యాంకులో ప్యాకెట్ కోసం బతిమాలుకోవడం, ఎంఎన్ఓ (వార్డు సహాయకుడు) కనిపించక స్ట్రెచర్ తానే తోయడం, ప్రతి ఆపరేషన్‌కూ ఆరోగ్యశ్రీ అనుమతికి ఫోటోలు, కాగితాలు సిద్ధం చేయడం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆ పథకం పేరు మారింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, వార్డులో మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే. కాగితాలు తగ్గలేదు. ఈ పనుల్లో చాలా భాగం హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లు) పంచుకుంటారు. అయితే నీట్ పీజీ దగ్గర పడుతుంటే వాళ్లు పుస్తకాలు పట్టుకుని రీడింగ్ రూముల్లోకి జారుకుంటారు. ఆ నెలల్లో మొదటి సంవత్సరం పీజీ ఇద్దరు మనుషుల పని చేస్తాడు. కౌన్సెలింగ్‌లో ఎవరూ చెప్పని సంగతి ఇది.

ఇంత భారం మోసినందుకు దక్కేదీ పెద్దదే. మూడో సంవత్సరానికి వచ్చేసరికి రాత్రి రెండు గంటలకు చిల్లుపడిన పేగు కేసులో కడుపు తెరిచేది పీజీయే, పీజీ పూర్తిచేసిన సీనియర్ రెసిడెంట్ పక్కన నిలబడతారు. ఒంటి చేత్తో ఛాతీ ట్యూబు వేయడం, రోగి ముఖం చూసే పరిస్థితి పసిగట్టడం, పల్నాటి మారుమూల ఊరి నుంచి వచ్చిన తల్లికి ఆమె మాటల్లోనే కొడుకు పరిస్థితి చెప్పడం ఇక్కడ వచ్చినంతగా మరెక్కడా రావు.

గుంటూరుకూ విజయవాడకూ మధ్య తేడా అడిగితే నేను కాలేజీల కంటే గదుల గురించి ముందు మాట్లాడతాను. పీజీ హాస్టల్ ఆసుపత్రి ఆవరణలో ఉందా, లేక ఆటో ఎక్కాలా? విజయవాడలో గుణదల వైపు కొత్తాసుపత్రి, హనుమాన్‌పేటలో పాతాసుపత్రి ఉన్నాయి. మీ విభాగం ఎక్కడుందో కనుక్కోకుండా గది అద్దెకు తీసుకోకండి. రెండు రౌండ్ల మధ్య ఇరవై నిమిషాలు పడుకునే వీలు దొరికినవాళ్లకూ దొరకనివాళ్లకూ మూడేళ్లలో ఆరోగ్యంలోనే తేడా కనిపిస్తుంది.

ప్రైవేటు కాలేజీలో నిద్ర ఎందుకు దొరుకుతుంది

గుంటూరు, విజయవాడల చుట్టూ ప్రైవేటు మెడికల్ కాలేజీలు చాలానే ఉన్నాయి. చినకాకాని, చినకొండ్రుపాడు, చినఅవుటపల్లి, ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే రోడ్డు మీదికే కనిపిస్తాయి. వీటన్నింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కొన్నిచోట్ల రోగులు బాగా వస్తారు, అధ్యాపకులు దగ్గరుండి చేయి పట్టి నేర్పిస్తారు. కొన్నిచోట్ల రాత్రి క్యాజువాలిటీ నిశ్శబ్దంగా ఉంటుంది. పీజీకి నిద్ర దొరుకుతుంది, థీసిస్ సమయానికి పూర్తవుతుంది, పెళ్లిళ్లకూ వెళ్లొచ్చు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. నిద్ర దొరకడానికి కారణం డ్యూటీలు సరిగ్గా పంచుకోవడమైతే అంతకంటే అదృష్టం లేదు. కారణం కేసులు రాకపోవడమైతే ఆ నిద్రకు మూల్యం తర్వాత చెల్లించుకోవాలి. నలభై ఏళ్లు రాబోతుండగా సొంత నర్సింగ్ హోంలో మొదటిసారి కష్టమైన గాల్‌బ్లాడర్ ఎదురైనప్పుడు తెలుస్తుంది. మీకు ముందున్న సీనియర్‌ను లాగ్‌బుక్ (చేసిన కేసులు రాసుకునే పుస్తకం) చూపించమని అడగండి. ఎన్ని కేసుల్లో సహాయం చేశారన్నదాని కంటే సొంతంగా ఎన్ని చేశారన్నది చూడండి. అంకెలు మరీ గుండ్రంగా ఉంటే అనుమానించండి.

స్టైపెండ్ ప్రభుత్వ కాలేజీలతో సమానంగా ఇవ్వాలని నిబంధన ఉంది. చేతికి ఎంత వస్తుందో, ఏ నెలకు ఏ నెలలో వస్తుందో సీనియర్లనే అడగాలి. మేనేజ్‌మెంట్ కోటా ఫీజు కోసం అప్పు చేస్తే ఆ వడ్డీ కూడా పని ఒత్తిడిలో భాగమే. పీజీ పూర్తయిన వెంటనే రెండు ఆసుపత్రుల్లో ఉద్యోగాలు ఒప్పుకునేది ఎక్కువగా ఆ అప్పులున్నవాళ్లే.

ఎయిమ్స్, డీఎన్‌బీ

మంగళగిరి ఎయిమ్స్ గురించి తక్కువ మాటల్లోనే చెప్పొచ్చు. సీటు నీట్ పీజీతో రాదు, ఐఎన్ఐ సెట్ వేరుగా రాయాలి. జీతం కేంద్ర వేతన స్కేలు ప్రకారం లెవెల్ 10, మూల వేతనమే 56,100 రూపాయలు, దాని మీద భత్యాలు. రాష్ట్రంలో పీజీ స్టైపెండ్‌తో పోలిస్తే కుదురైన జీవితం. తరగతులు 2018లోనే మొదలైన కొత్త సంస్థ కాబట్టి పాత జీజీహెచ్‌లలో పాతుకుపోయిన పెత్తనాలు తక్కువ. పరిశోధన, సెమినార్ల భారం మాత్రం ఎక్కువ. ర్యాంకు వస్తే ఆలోచించాల్సిందేమీ లేదు. రాత్రి ఎమర్జెన్సీ కేసుల సంఖ్య మాత్రం అక్కడి రెసిడెంట్లనే అడిగి తెలుసుకోండి.

కార్పొరేట్ ఆసుపత్రిలో డీఎన్‌బీది వేరే తరహా అలసట. ఏసీ గదులు, శుభ్రమైన ఓటీలు, ల్యాప్రోస్కోపీ పరికరాలు ఉంటాయి. రోగి వచ్చేది కన్సల్టెంట్ పేరు చూసి, డబ్బు కట్టి. కాబట్టి కత్తి మీ చేతికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. చాలాచోట్ల హౌస్ సర్జన్లు ఉండరు, అందుకే వార్డు, ఐసీయూ, ఎమర్జెన్సీ పిలుపులన్నీ మీకే. ఆరోగ్యశ్రీ కాగితాల స్థానంలో బీమా కంపెనీ కాగితాలు వస్తాయి. కన్సల్టెంట్ సాయంత్రం ఏడుకు రౌండ్స్‌కు వస్తే మీ రోజు ఏడుకు ముందు ముగియదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నేర్పాలన్న మనసున్న ఒక్క కన్సల్టెంట్ దొరికితే ల్యాప్రోస్కోపీ చెయ్యి జీజీహెచ్ పీజీ కంటే ముందే తిరుగుతుంది. డీఎన్‌బీ చివరి పరీక్ష దేశమంతటికీ ఒకటే, దానికి చదువుకునే సమయం ఇస్తారా అన్నది ప్రత్యేకంగా అడగాలి. తర్వాత మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాలని ఉంటే, డీఎన్‌బీ వారి అర్హత నిబంధనలు కొన్నేళ్లుగా మారుతూ వస్తున్నాయి, ఆ ఏడాది నియమం చూసుకోండి.

బ్రాంచి మారిస్తే బతుకు మారుతుందా

కొంతవరకు మారుతుంది. జనరల్ సర్జరీ మూడేళ్లతో ఆగడం ఇప్పుడు అరుదు. యూరాలజీయో, గ్యాస్ట్రోయో, ప్లాస్టిక్ సర్జరీయో కావాలంటే సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి, ఎంసీహెచ్ అనే పై కోర్సు మరో మూడేళ్లు. అంటే ఇరవై ఏడేళ్లకు చేరిన మనిషి ముప్పై అయిదు దగ్గరికి వచ్చేదాకా రెసిడెంటే. ఈ లెక్క ముందే ఇంట్లో చెప్పండి. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకు ముఖ్యంగా చెప్పండి.

ఆర్థోపెడిక్స్‌లో రాత్రి ప్రమాద కేసులు ఉంటాయి. అయితే విరిగిన ఎముకలకు చాలావరకు ఆ రాత్రి కట్టు కట్టి, ఆపరేషన్ పగటి జాబితాలో పెట్టొచ్చు. పగిలిన పేగు అలా ఆగదు. గైనిక్‌ను తేలికైన బ్రాంచిగా అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, ఎందుకో నాకు అర్థం కాదు. కాన్పులకు వేళ ఉండదు, పీజీలోనే కాదు, యాభై ఏళ్లకు కూడా ఫోను తల దగ్గర పెట్టుకునే పడుకోవాలి. ఈఎన్‌టీలో అత్యవసరాలు తక్కువ. అవి వచ్చినప్పుడు మాత్రం ఊపిరితో పని.

పనికీ ఇంటికీ నిజంగా పొత్తు కుదరాలంటే నా ఓటు కంటి వైద్యానికి. శుక్లాల ఆపరేషన్లు పగలు జరుగుతాయి, రాత్రి పిలుపులు తక్కువ. పీజీ తర్వాత ఫెలోషిప్ కోసం దూరం పోనక్కర్లేదు, తాడిగడపలో ఎల్వీ ప్రసాద్, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రులు దగ్గర్లోనే ఉన్నాయి. మీ మనసు కడుపు తెరిచే సర్జరీ మీద ఉంటే మాత్రం నిద్ర కోసం కంటి వైద్యంలో చేరకండి. ఇష్టం లేని పనిలో ఎనిమిది గంటలు గడపడం ఇష్టమైన పనిలో పన్నెండు గంటల కంటే ఎక్కువ అలసట.

ఎలా కనుక్కోవాలి

పగలు పదకొండు గంటలకు వెళ్లి విభాగాధిపతిని కలిస్తే మీకు తెలిసేది ఏమీ ఉండదు. రాత్రి పది దాటాక, ఆ యూనిట్ ఓపీ రోజున, క్యాజువాలిటీ బయట టీ కొట్టు దగ్గర మొదటి సంవత్సరం పీజీని కలవండి. మర్నాడు మధ్యాహ్నం అతను ఎక్కడుంటాడని అడగండి. గదిలో నిద్రపోతుంటాను అంటే ఆ యూనిట్ మంచిది. ఓటీలో రిట్రాక్టర్ (కోత అంచులను తెరిచి ఉంచే పరికరం) పట్టుకుని ఉంటాను అంటే, ఇంకెన్ని మంచి మాటలు విన్నా ఆ యూనిట్ జాబితాలో కిందికి పోవాలి. యూనిట్‌లో సంవత్సరానికి ఎందరు పీజీలు, గత మూడేళ్లలో ఎందరు మానేసి వెళ్లారు, సెలవు అడిగితే ఎవరు సంతకం చేయాలి అన్నవి ఆ తర్వాత. ఆడపిల్లలైతే రాత్రి డ్యూటీ గదికి లోపల గడియ ఉందా, మరుగుదొడ్డి ఎంత దూరం అన్నవి సిగ్గుపడకుండా చూసి రండి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగిన తర్వాత జూనియర్ డాక్టర్లు (జూడాలు) మన జీజీహెచ్‌ల ముందు కూర్చుని అడిగినవాటిలో ఇవీ ఉన్నాయి.

మర్నాడు పొద్దున సెలవు గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1997లో ఒక ఆస్ట్రేలియా అధ్యయనం చూపింది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 0.03 శాతం దాటితే చాలు, తాగి నడిపినట్టే. ముప్పై గంటల డ్యూటీ దిగి బైకు మీద మంగళగిరి నుంచి బెంజి సర్కిల్‌కు బయలుదేరే పీజీ ఏ స్థితిలో ఉన్నాడో మీరే లెక్క వేసుకోండి. ఆ రోజు బస్సు ఎక్కండి, లేదా డ్యూటీ గదిలోనే రెండు గంటలు పడుకుని వెళ్లండి. ఇందులో బేరం లేదు.

జిల్లా రెసిడెన్సీ పేరుతో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాల్సి ఉంటుంది. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకటి. తెనాలి లాంటి చోట పడితే సాయంత్రాలు దొరుకుతాయి. థీసిస్ రాయడానికి ఆ మూడు నెలలు దాచుకోండి, తీరా పరీక్షల ముందు పరుగెత్తక్కర్లేదు.

ఎవరికి ఏది

చెయ్యి తిరగాలి, తర్వాత ఎంసీహెచ్ చేయాలి, ఇంట్లో బాధ్యతలు తక్కువ అనుకునేవారు గుంటూరు లేదా విజయవాడ జీజీహెచ్ జనరల్ సర్జరీకే వెళ్లండి. ప్రైవేటు కాలేజీలో సుఖం చూసి దీన్ని వదులుకోకండి. ఇప్పటికే పెళ్లయి పిల్లలున్నవారు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవారు కేసులు బాగా వచ్చే ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా దొరికితే సంకోచించక్కర్లేదు. మూడేళ్లలో బిడ్డను కనాలనుకునేవారు ప్రసూతి సెలవు తీసుకున్నన్ని రోజులు కోర్సు ముందుకు జరుగుతుందని, పరీక్ష ఒక విడత తప్పవచ్చని లెక్కలో పెట్టుకోండి. ఆ సెలవు అడిగినందుకు మొహం ముడుచుకునే యూనిట్ ఏదో టీ కొట్టు దగ్గరే తెలిసిపోతుంది. ఊరికి దూరంగా ఉండడం భరించలేనివారు ఊరు చూసి కాలేజీ ఎంచుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఇంటి అన్నం, అమ్మ గొంతు దగ్గర్లో ఉండడం మొదటి ఆరు నెలల్లో చాలా పని చేస్తాయి.

ఆ ఆరు నెలల్లో నిద్ర పట్టకపోయినా, వార్డు మెట్లు ఎక్కుతుంటే గుండె దడ వచ్చినా, ఇక చాలనిపించినా సీనియర్‌కు చెప్పడానికి మొహమాటపడితే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

రాష్ట్ర కోటా వెబ్ ఆప్షన్లు ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టిస్తుంది. ఆప్షన్లు ఖరారు చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో బాండు గురించిన పేజీ తెరిచి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, ప్రభుత్వ సర్వీసు ఎన్నాళ్లు చేయాలో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయో ఇంట్లో అందరి ముందూ పైకి చదవండి.